మూడు వేల పేజీల మాన్యువల్: తెర మీదే చదవాలా, ప్రింటు తీయాలా?

వెన్నెల_కోడ్
కొత్త ప్రాజెక్టులో నన్ను డేటాబేస్ పనికి మార్చారు. ఇంతవరకు జావా రాసుకుంటూ కాలం గడిపినదాన్ని, ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లోపలి సంగతులన్నీ తెలియాలి. “డాక్యుమెంటేషన్ చదవండి, అందులో లేనిదంటూ లేదు” అని మా టీమ్ లీడ్ చేతులు దులుపుకున్నారు. నిజంగానే అందులో లేనిదంటూ లేదు, చిక్కంతా అదే. పీడీఎఫ్ దించుకుంటే 3000 పేజీలకు అటూ ఇటూగా ఉంది. తెర మీద అరగంట చదివేసరికి కళ్లు మండుతున్నాయి. వాక్యం వాక్యం అర్థమైనట్టే ఉంటుంది, అధ్యాయం పూర్తయ్యాక ఎవరైనా ప్రశ్న అడిగితే నోరు పెగలదు. ప్రింటు తీసుకుందామా అంటే ఇంట్లో నవ్వుతున్నారు. మీలో ఎవరైనా ఇలాంటి మాన్యువళ్లను కాగితం మీద చదువుతున్నారా? లేక తెర మీదే హాయిగా చదివే ఉపాయం ఏమైనా ఉందా?

జిరాక్సు_రాజు
మా వీధి చివరి జిరాక్సు షాపాయన మీ చిరునామా అడుగుతున్నారు. టీ కూడా ఇప్పిస్తారట.

అర్ధరాత్రి_షిఫ్టు
సరదాకు లెక్క వేశాను. ఏ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల) కాగితమైతే ఒక్కొక్కటి సుమారు 4.7 గ్రాములు. రెండు వైపులా వేస్తే 1500 కాగితాలు, అంటే 3 రీములు, 7 కిలోలు. బైండింగ్ అట్టల బరువు వేరే. పోస్ట్‌గ్రెస్ కొత్త వెర్షన్ ఏటా వస్తుంది, సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో. అప్పుడు ఈ 7 కిలోలనూ పాత పేపర్లు కొనేవాళ్లకు తూకం వేయవచ్చు.

పాత_కీబోర్డు
లెక్క బాగుంది, కానీ మొత్తం ప్రింటు తీయమని ఎవరన్నారు? ఆ 3000 పేజీల్లో ఆదినుంచి అంతం దాకా చదవాల్సినవి చాలా తక్కువ. ఒక్కో ఎస్‌క్యూఎల్ కమాండుకు ఒక్కో పేజీగా ఉన్న రిఫరెన్సు భాగం, సిస్టమ్ క్యాటలాగు పట్టికలు, పాత విడుదలల వివరాలు, అనుబంధాలు... వీటిని అవసరం వచ్చినప్పుడు వెతుక్కుంటాం తప్ప ఎవరూ కూర్చుని చదవరు.

వెన్నెల గారూ, మీకు ముందుగా కావలసినవి: ఇండెక్సుల గురించి 11వ అధ్యాయం, ఒకేసారి పలువురు డేటాను మార్చినప్పుడు ఏం జరుగుతుందో చెప్పే 13వది, డేటాబేస్ ఒక ప్రశ్నకు జవాబు ఎలా వెతుకుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ కమాండును చదవడం నేర్పే 14వది. ఆపైన పనికిరాని పాత వరుసలను ఊడ్చే వాక్యూమ్ వంటి రోజువారీ నిర్వహణ అధ్యాయం, ప్రతి మార్పునూ ముందుగా చిట్టాలో రాసిపెట్టే వాల్ అధ్యాయం. అన్నీ కలిపినా వంద పేజీలకు అటూ ఇటూ. అవి ప్రింటు తీసి, స్పైరల్ వేయించి, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. మిగిలిన 2900 పేజీలు తెర మీదే ఉండనివ్వండి.

అంతా_తెరే
ఈ రోజుల్లో ప్రింటు గురించి చర్చా? కాగితం మీద మాట వెతికే కంట్రోల్ ఎఫ్ పనిచేయదు. లింకు నొక్కితే కదలదు. ఉదాహరణను కాపీ చేసి నడపలేరు. రెండు వారాలు ఓపిక పడితే తెర అలవాటవుతుంది. కళ్లు మండితే డార్క్ మోడ్ పెట్టుకోండి. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒక్క కాగితం కూడా ప్రింటు తీయలేదు, ఆఫర్ లెటర్ తప్ప.

చత్వారం_బాబాయి
కంట్రోల్ ఎఫ్ నొక్కాలంటే ఏ మాట కోసం వెతకాలో ముందు తెలియాలి కదా నాయనా. ఆ మాట తెలిసే దాకా చదవాల్సిన చదువు వేరు.

నేను మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్ల మనిషిని. మా మొదటి ఆఫీసులో ఒక గోడ పొడవునా మాన్యువళ్లే. కోబాల్ ప్రోగ్రామ్ అర్ధరాత్రి ఎస్0సీ7 అనే లోపం కోడ్ చూపి కూలిపోతే సిస్టమ్ కోడ్‌ల పుస్తకం తీసేవాళ్లం. అంకెలు ఉండాల్సిన చోట ఖాళీలో, అక్షరాలో చొరబడ్డాయని దాని అర్థం. ఎస్0సీ1 నుంచి ఎస్0సీబీ దాకా ఉన్న ఆ నాలుగు పేజీలు వేళ్ల మరకలతో నల్లబడి, పుస్తకం ఎలా పట్టుకున్నా అక్కడే తెరుచుకునేది. వెతకాల్సిన పనే లేదు.

అసలు గొప్ప ఇంకోటి ఉంది. అవి రింగు బైండర్లు. కొత్త విడుదల వస్తే మారిన పేజీలు మాత్రమే కట్టగా వచ్చేవి. రింగులు తెరిచి పాత పేజీ తీయడం, కొత్తది పెట్టడం. మారిన వాక్యం పక్కన మార్జిన్లో ఒక నిలువు గీత ఉండేది. జూనియర్లకు ఆ పని అప్పగించేవాళ్లు, వాళ్లు విసుక్కునేవాళ్లు. కానీ ఆ గీతల వెంట కన్ను పోనిస్తే చాలు, ఈ విడుదలలో ఏం మారిందో పది నిమిషాల్లో తెలిసిపోయేది. ఇప్పుడు వెబ్‌లో రాత్రికి రాత్రి పేరా మారిపోతుంది, ఏం మారిందో చెప్పే నాథుడు లేడు.

అంతా_తెరే
అదేం మాట బాబాయి గారూ, చాలా ప్రాజెక్టుల్లో డాక్యుమెంటేషన్ మూలం కోడ్‌తో పాటే, ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో ఉంటుంది. ఏ వాక్యం ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో కూడా చూసుకోవచ్చు. మీ నిలువు గీత ఎందుకు మార్చారో చెప్పదు కదా.

చత్వారం_బాబాయి
చూసుకోవచ్చు. చూసినవాళ్లు చేయెత్తండి.

జిరాక్సు_రాజు
రెండు చేతుల్లోనూ సామాను ఉంది, ఎత్తలేను.

అక్షరాల_అంగడి
తెరా కాగితమా అని తగువు పడే ముందు ఒక మాట. మీలో చాలామంది తెర మీద చదువుతున్నది పేజీ కాదు, మైదానం. వెబ్ పేజీలు చేయడం నా వృత్తి కాబట్టి ఇది రోజూ చూస్తాను.

పుస్తకం అచ్చువేసేవాళ్లు వరుసకు 45 నుంచి 75 అక్షరాలు మించకుండా చూసుకుంటారు. ఇంగ్లీషు లిపికి కుదిరిన కొలత అది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ నియమాల్లో కఠినమైన స్థాయి కూడా 80 అక్షరాలు దాటవద్దు, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం ఇవ్వండి, రెండు అంచులూ సమంగా సాగదీయకండి అంటుంది. ఇప్పుడు మీ మానిటర్ నిండా బ్రౌజర్ తెరిచి ఒక వరుసలో ఎన్ని అక్షరాలు ఉన్నాయో లెక్కపెట్టండి. వరుస పొడవైతే కన్ను కుడి చివరి నుంచి ఎడమకు తిరిగి వచ్చేటప్పుడు కింది వరుసకు బదులు అదే వరుసలో పడుతుంది, లేదా ఒకటి దాటేస్తుంది. చదివిందే మళ్లీ చదువుతారు. అలసట అక్కడే మొదలవుతుంది.

చేయాల్సింది చిన్న పని. బ్రౌజర్ కిటికీని సగానికి కుదించండి. అక్షరాలను 120, 130 శాతానికి పెంచండి. ఫైర్‌ఫాక్స్‌లో రీడర్ వ్యూ ఉంది, విండోస్‌లో ఎఫ్9 నొక్కితే వస్తుంది, అందులో వరుస వెడల్పు, ఎడం, నేపథ్యం రంగు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. టెర్మినల్‌లో మ్యాన్ పేజీలు (లినక్స్ కమాండ్ల మాన్యువల్) చదివేవాళ్లు మ్యాన్‌విడ్త్ అనే వేరియబుల్‌కు 72 అని ఇచ్చుకోండి, వెడల్పాటి టెర్మినల్‌లో కూడా వరుస పొట్టిగానే ఉంటుంది.

కాగితానికి ఒక ఆధిక్యం మాత్రం కాదనలేం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 చుక్కలే. మామూలు లేజర్ ప్రింటర్ 600 వేస్తుంది. అక్షరం అంచు ఎంత నునుపుగా ఉంటుందో కంటికే తెలుస్తుంది. అందులోనూ తెలుగు చదివేవాళ్లకు ఇది మరీ తెలుస్తుంది: ఒత్తులూ గుడులూ తక్కువ చుక్కల్లో ఇరుక్కుని ముద్దయిపోతాయి, పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

వెన్నెల_కోడ్
లెక్కపెట్టాను. మా టీమ్ లోపలి డాక్యుమెంట్లలో వరుసకు 140 దాటుతున్నాయి! కిటికీ సగానికి కుదించి చూస్తే ఏదో బరువు దించినట్టు ఉంది. కానీ కళ్ల మంట అలాగే ఉంది. డార్క్ మోడ్ పెట్టాను, తెల్ల అక్షరాల చుట్టూ మసక కనిపిస్తోంది.

కంటి_చుక్కలు
విజయవాడలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తాను, రోజూ మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మీలాంటివారే.

మంటకు మొదటి కారణం వెలుగు కాదు, రెప్ప. తెరను తదేకంగా చూసేటప్పుడు మనిషి రెప్పవేయడం బాగా తగ్గిపోతుంది, వేసినా సగమే మూస్తారు. కంటి మీది తడి ఆరిపోతుంది. దానికి తోడు ఏసీ గాలి సూటిగా ముఖానికి తగిలే చోట కూర్చుంటారు. కాగితం చదివేటప్పుడు చూపు కిందికి వాలి ఉంటుంది కాబట్టి కంటిలో తెరుచుకున్న భాగం తక్కువ, తడి అంత త్వరగా ఆరదు. కనుక మానిటర్ పై అంచు మీ కంటి మట్టానికి కాస్త కిందే ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమనే సలహా మీరు వినే ఉంటారు, అది పాటించడం కష్టమేమీ కాదు.

నీలి కాంతి ఆపే కళ్లద్దాల కోసం డబ్బు తగలేయకండి. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ప్రయోగాలన్నీ జల్లెడ పట్టి, వాటివల్ల తెర అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనిపించలేదని తేల్చింది. ఇక తెల్ల అక్షరాల చుట్టూ మసక అంటున్నారు కదా, ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం) ఉన్నవారికి నల్ల నేపథ్యంలో అలా కనిపించడం మామూలే. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, లోపం ఇంకా తెలుస్తుంది. పరీక్ష చేయించుకోండి. మంట తగ్గకపోతే ఊరికే చుక్కల మందు కొనుక్కుని వేసుకోకుండా కంటి డాక్టరుకు చూపించండి.

చత్వారం_బాబాయి
నా పేరు చూస్తే సమస్య తెలిసిపోయి ఉంటుంది మీకు. దూరపు చూపూ దగ్గరి చూపూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నప్పటి నుంచి మానిటర్ చూడాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తోంది. దగ్గరి చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది, తెరేమో ఎదురుగా ఉంటుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కాగితమైతే ఒళ్లో పెట్టుకుంటే సరిగ్గా అద్దం కింది భాగానికి సరిపోతుంది. నేను ప్రింటు తీసుకునేది పాత కాలం మీది మోజుతో కాదు, మెడ కోసం.

కంటి_చుక్కలు
బాబాయి గారూ, మానిటర్‌ను బల్ల మీది పెట్టెల మీంచి దించేయండి. అది చాలకపోతే తెర దూరానికి మాత్రమే లెక్కించిన విడి కళ్లద్దాలు చేయించుకోండి, ఒకే పవరు, అద్దమంతా అదే. పరీక్షకు వచ్చే ముందు మామూలుగా కూర్చుని కంటి నుంచి తెరకు దూరం టేపుతో కొలిచి ఆ అంకె తీసుకురండి. చాలామంది “ఇంత ఉంటుందండీ” అని చేతులు చాపి చూపిస్తారు, ఆ కొలతతో అద్దం చేయలేం.

అంతా_తెరే
సరే, డార్క్ మోడ్ మాట వెనక్కి తీసుకోను కానీ పక్కన పెడతాను. నాకు మాత్రం బాగానే ఉంది. ఇంతకీ కాగితం మీద చదివితే ఎక్కువ గుర్తుంటుందనేది అనుభూతి మాత్రమే కదా? ఆధారం ఏమిటి?

పాఠాల_పద్మ
ఆధారం ఉంది. 2018లో స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిసి 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. వాటిలో పాల్గొన్నవారు లక్షా డెబ్బై వేలకు పైగా. కథల దగ్గర తెరకూ కాగితానికీ తేడా కనిపించలేదు. సమాచారం ఇచ్చే పాఠాల దగ్గర కాగితం మీద చదివినవారికే ఎక్కువ అర్థమైంది. సమయం ఇంత అని గడువు పెడితే ఆ తేడా ఇంకా పెరిగింది. కొత్త తరం అలవాటు పడి తేడా చెరిగిపోతుందేమో అనుకుంటే, ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గలేదు సరికదా పెరిగింది.

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ల్యాబ్‌లో మా పిల్లలు మాన్యువల్ తెర మీద తెరిచి చేసే మొదటి పని చదవడం కాదు, చక్రం తిప్పడం. పేజీ పరుగెడుతూ ఉంటుంది, బూడిద రంగు పెట్టెలో కోడ్ కనిపించగానే ఆగుతుంది. ఆ పెట్టెకు పైన ఉన్న పేరాలోనే “ఇది చేసే ముందు ఫలానాది ఆపేయండి” అని ఉంటుంది. అది ఎవరి కంటా పడదు.

అంతా_తెరే
పద్మ గారూ, ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాఠం చదివి ప్రశ్నలకు జవాబులు రాసేవి. మనం చేసే పని అది కాదు. మనం చదువుతాం, నడిపి చూస్తాం, పగలగొడతాం, మళ్లీ చదువుతాం. కోడ్ నడుస్తుంటే వచ్చే అవగాహనను ఆ పరీక్ష కొలవలేదు.

పాఠాల_పద్మ
ఆ మాట ఒప్పుకుంటాను. మా పిల్లలు ఆ మూడోదీ నాలుగోదీ కూడా చేస్తే నాకు ఇంకేం కావాలి.

పాత_కీబోర్డు
ఇద్దరి మాటా కుదిరే పద్ధతి ఒకటి ఉంది, నేను కొత్తగా చేరినవాళ్లందరి చేతా చేయిస్తాను. 13వ అధ్యాయం కాగితం మీద, కీబోర్డుకు ఎడమ పక్కన. తెర మీద పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు టైపు చేసే పీఎస్‌క్యూఎల్ కిటికీలు రెండు పక్కపక్కన, ఇంకేమీ లేకుండా.

ఒకరి మార్పులు మరొకరికి ఎంతవరకు కనిపించాలో చెప్పే స్థాయిలు ఉంటాయి, మొదటి కిటికీలో వాటిలోని రిపీటబుల్ రీడ్ స్థాయిలో లావాదేవీ మొదలుపెట్టి ఒక ఖాతా నిల్వ చూడండి. రెండో కిటికీలో అదే ఖాతాకు వంద రూపాయలు కలిపి కమిట్ చేయండి, అంటే మార్పు ఖరారు చేయండి. మళ్లీ మొదటి కిటికీలో చూస్తే పాత నిల్వే కనిపిస్తుంది. ఇక్కడ ఆగి కాగితం మీద ఆ పేరా చదవండి. ఇప్పుడు మొదటి కిటికీలోంచే ఆ ఖాతాను మార్చబోతే డేటాబేస్ ఒప్పుకోదు, వేరొకరు ఈలోగా దీన్ని మార్చారు కాబట్టి కుదరదని లోపం చూపిస్తుంది. ఇదంతా రీడ్ కమిటెడ్ స్థాయిలో మళ్లీ చేయండి, అక్కడ కిక్కురుమనకుండా కొత్త నిల్వ మీదే మార్పు జరిగిపోతుంది. రెండింటినీ చూసినవాళ్లు కాగితం మార్జిన్లో ఏదో ఒకటి రాయకుండా ఉండలేరు. ఒకాయన “అయ్యబాబోయ్” అని రాశారు.

డాక్యుమెంటేషన్ కూడా తెర మీదే ఉంటే కిటికీలు మూడవుతాయి, ఒకదాని మీద ఒకటి పడి ఏది ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

అంతా_తెరే
రెండో మానిటర్ కొనుక్కోవచ్చు.

పాత_కీబోర్డు
కొనుక్కోవచ్చు. దాంట్లో మెయిల్, చాట్ తెరిచి పెడతారు. ఎవరూ దాన్ని చదువుకు వాడగా చూడలేదు.

చెవులతో_చదువు
మీరందరూ తెర, కాగితం అని రెండే ఉన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు చూపు లేదు. డెవలపర్‌గానే పనిచేస్తున్నాను, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏతో విని చదువుతాను. వెబ్ పేజీలో శీర్షికలు సరిగ్గా గుర్తించి ఉంటే హెచ్ నొక్కుకుంటూ ఒక్కో శీర్షికకు దూకుతాను, టీ నొక్కితే పట్టికకు. పోస్ట్‌గ్రెస్, పైథాన్ వెబ్ పేజీలు ఈ విషయంలో హాయిగా ఉంటాయి. అదే సరుకు ఏది ఏమిటో గుర్తించే ట్యాగులు లేని పీడీఎఫ్‌లో వస్తే ఏది శీర్షికో ఏది పేజీ అడుగున ఉండే అంకో తెలియదు, పట్టికలో గడులు కలగాపులగంగా వినిపిస్తాయి. స్కాన్ చేసిన మాన్యువల్ అయితే మౌనమే. కాబట్టి ఎవరైనా “పీడీఎఫ్ ఇచ్చాం కదా, వెబ్ పేజీలు తీసేద్దాం” అంటే దయచేసి అడ్డుపడండి.

ఇంకో సంగతి: సెమీకోలన్ నుంచి డబుల్ కోలన్ దాకా అన్నీ చదివించుకునేలా విరామ చిహ్నాల స్థాయి పెంచుకోకపోతే కోడ్ వినడం వృథా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే చెబుతున్నాను.

మాన్యువల్_మేస్త్రి
పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను డాక్యుమెంటేషన్ రాసే ఉద్యోగంలోనే ఉన్నాను, లోపలి కథ చెబుతాను.

మూలం ఒకటే రాస్తాం. పోస్ట్‌గ్రెస్ వాళ్లు డాక్‌బుక్ ఎక్స్‌ఎంఎల్ అనే రూపంలో, పైథాన్ వాళ్లు స్ఫింక్స్ అనే పనిముట్టుతో. అందులోంచి వెబ్ పేజీలు, పీడీఎఫ్, ఈపబ్ (ఈ-పుస్తకం) అన్నీ యంత్రమే తయారుచేస్తుంది. సిద్ధాంతం ముచ్చటగా ఉంటుంది. ఆచరణలో చాలా చోట్ల వెబ్ పేజీ ఒక్కటే కళ్లతో చూస్తారు, పీడీఎఫ్ తయారైందా లేదా అని మాత్రమే చూస్తారు. ఎనిమిది నిలువు వరుసల పట్టిక తెర మీద పక్కకు జరుగుతుంది, కాగితం మీద కుడి అంచు దాటి గాలిలో కలిసిపోతుంది. పొడవాటి కమాండు మధ్యలో విరిగితే అది ఒక కమాండా రెండా అని చదివేవాళ్లు తల పట్టుకుంటారు. ‘ఇక్కడ నొక్కండి’ అని రాసినదాన్ని ప్రింటులో ఎంత నొక్కినా లాభం లేదు. విండోస్, లినక్స్ అని ట్యాబులు పెడితే తెరిచి ఉన్న ట్యాబు ఒక్కటే అచ్చవుతుంది.

వెబ్ పేజీని నేరుగా ప్రింటు తీసేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. కోడ్ పెట్టెలు నల్ల నేపథ్యంలో లేత రంగు అక్షరాలతో ఉంటాయి కదా, బ్రౌజర్లు మామూలుగా నేపథ్యం రంగులు అచ్చువేయవు. కొన్నిసార్లు తెల్ల కాగితం మీద లేత అక్షరాలే మిగులుతాయి. కోడ్ ఉన్న చోట ఖాళీ! పేజీని లేత థీమ్‌కు మార్చి అప్పుడు ప్రింటు ఇవ్వండి. ప్రింటు కోసం విడిగా స్టైల్ షీటు రాసే సైట్లలో ఈ బాధ ఉండదు, పక్క మెనూలు కూడా అవే మాయమవుతాయి.

పీడీఎఫ్ లోంచి కోడ్ కాపీ చేసేవాళ్లు కూడా జాగ్రత్త. మామూలు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా, రెండు హైఫన్లు ఒక పొడుగు గీతగా మారి ఉండవచ్చు. కంటికి తేడా తెలియదు, కమాండు నడవదు. పైథాన్ అయితే వరుస మొదట్లో ఖాళీలు ఎగిరిపోతాయి.

జిరాక్సు_రాజు
ఆ పొడుగు గీత ఒక సాయంత్రమంతా తినేసింది నన్ను. ఇప్పటికీ దాన్ని చూస్తే ముఖం తిప్పుకుంటాను.

అమీర్‌పేట_మాజీ
మీరంతా పీడీఎఫ్‌ల గురించి మాట్లాడుతుంటే నాకు కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల మైత్రీవనం గుర్తొస్తోంది. మేం జావా నేర్చుకున్నది మాన్యువల్ చూసి కాదు, ‘మెటీరియల్’ చూసి. సార్ బోర్డు మీద రాసింది ముందు బ్యాచ్‌లో ఎవరో ముత్యాల్లాంటి దస్తూరితో రాసుకుంటే, దాని జిరాక్సుకు జిరాక్సు, స్పైరల్ బైండింగ్‌తో రోడ్డు మీద షాపుల్లో అమ్మేవాళ్లు. కాపీకి కాపీ కావడం వల్ల బ్రాకెట్లు సగం అరిగిపోయి ఉండేవి. పూల బ్రాకెట్టో మామూలు బ్రాకెట్టో తేల్చుకోవడానికే ప్రోగ్రామ్ అర్థం చేసుకోవాల్సి వచ్చేది. నిజం చెప్పాలంటే ఆ తంటాలోనే సగం నేర్చుకున్నాం.

పాఠాల_పద్మ
అమీర్‌పేట_మాజీ గారూ, ఆ దస్తూరి ఎవరిదో గానీ మా కాలేజీ పిల్లల దగ్గర కూడా ఉంది. పాత వెర్షన్ సంగతులు కూడా అందులో భద్రంగా ఉన్నాయి, అదే గొడవ.

సిరా_తెర
కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెరల గురించి ఎవరూ చెప్పలేదేం? నేను పైథాన్ సైట్ ఇచ్చే ఈపబ్ దించుకుని రీడర్‌లో చదువుతాను. వెలుగు కంటిలోకి కొట్టదు, అంగుళానికి 300 చుక్కలు, రైల్లో కూడా కుదురుతుంది.

అయితే ముందే హెచ్చరిక: 6 అంగుళాల పరికరంలో ఏ4 పీడీఎఫ్ తెరవకండి. అక్షరాలు చీమల్లా ఉంటాయి, పెద్దవి చేస్తే పేజీని నాలుగు వైపులా లాక్కుంటూ చదవాలి. కేటూపీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి పేజీని ముక్కలు చేసి చిన్న తెరకు సరిపడేలా మళ్లీ పేరుస్తుంది, మామూలు పాఠానికి ఫరవాలేదు, పట్టికలు మాత్రం ఛిద్రమవుతాయి. పీడీఎఫ్‌లే చదవాలంటే 10.3 అంగుళాలు, 13.3 అంగుళాల పరికరాలు ఉన్నాయి. ధర చూశాక చాలామంది జిరాక్సు షాపుకే వెళతారు.

రిఫరెన్సు వెతకడానికి ఈ-ఇంక్ పనికిరాదు. పేజీ తిరగడానికే క్షణం పడుతుంది, పది పేజీలు ముందుకూ వెనక్కూ ఊగాలంటే విసుగు.

వెన్నెల_కోడ్
పాత_కీబోర్డు గారి పద్ధతి మొదలుపెట్టాను. 13వ అధ్యాయం మాత్రమే ప్రింటు తీశాను, రెండు కిటికీలు, పెన్సిల్. ఆ లోపం నిజంగానే వచ్చింది, అది వచ్చాక అదే పేరా మళ్లీ చదివితే రచయిత ప్రతి మాటా ఎందుకు వాడారో తెలిసింది. మానిటర్ కూడా దించాను. కంటి పరీక్షకు ఈ వారం వెళ్తున్నాను, టేపుతో కొలిచి అంకె రాసిపెట్టుకున్నాను.

ఒక సందేహం. వెర్షన్ మారితే ఈ ప్రింటు పారేయాలా?

పాత_కీబోర్డు
అక్కర్లేదు. భావనల అధ్యాయాలు నెమ్మదిగా మారతాయి. కాన్ఫిగరేషన్ విలువలు, కమాండు ఆప్షన్లు త్వరగా మారతాయి, అందుకే వాటిని ప్రింటు తీయవద్దన్నాను. మొదటి పేజీ మీద వెర్షన్ అంకె పెద్దగా రాసి పెట్టుకోండి. వెబ్‌లో కూడా పేజీ పైభాగంలో వెర్షన్ల వరుస ఉంటుంది, గూగుల్ తీసుకెళ్లిన పేజీ మీ వెర్షన్‌దేనా అని ఒకసారి చూసుకోండి. ఎప్పుడో మద్దతు ఆగిపోయిన వెర్షన్ పేజీలు కూడా వెతుకులాటలో తగులుతుంటాయి.

అర్ధరాత్రి_షిఫ్టు
7 కిలోల లెక్క చెప్పి నవ్వించాను కానీ, మా దగ్గర ప్రింటు తప్పనిసరి అయిన కట్ట ఒకటి ఉంది. సర్వర్లు పడిపోతే ఏ వరుసలో లేపాలో రాసిన కాగితాలు. ఒకసారి స్టోరేజి మొత్తం పడిపోయింది. ఎలా లేపాలో రాసిన వికీ ఉన్నది ఆ స్టోరేజి మీదే. అప్పటి నుంచి ఎర్ర అట్ట ఫోల్డరు ఒకటి సర్వర్ గదిలో, ఇంకోటి సెక్యూరిటీ డెస్క్ దగ్గర. పవర్ ఇచ్చే వరుస, స్విచ్‌ల పేర్లు, ఐపీ చిరునామాలు, ఎవరికి ఫోన్ చేయాలి, అంతే. ప్రతి కాగితం అడుగున తేదీ. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు పాతవి తీసి కొత్తవి పెడతారు.

చత్వారం_బాబాయి
చూశారా, రింగు బైండరుకే వచ్చారు! మారిన వాక్యం పక్కన నిలువు గీత కూడా పెట్టండి, పుణ్యం ఉంటుంది.

అంతా_తెరే
దీనికి మాత్రం ఎదురు చెప్పలేను. కానీ ఇంకో చోట ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ దాచుకున్నా సరిపోతుంది కదా?

అర్ధరాత్రి_షిఫ్టు
దాచుకున్నాం. దాని డిస్కు తాళం తెరిచే కీ కూడా పడిపోయిన సర్వర్‌లోనే ఉంది.

అక్షరాల_అంగడి
ఆ ఫోల్డరులో అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకుండా చూడండి. ఎమర్జెన్సీ లైటు వెలుగులో, కంగారులో చదవాల్సిన కాగితం అది. ఐపీ చిరునామాలకు ఒకటి, చిన్న ఎల్ అక్షరం, సున్నా, ఓ వేర్వేరుగా కనిపించే ఫాంట్ వాడండి.

జిరాక్సు_రాజు
పాస్‌వర్డులు కూడా అందులోనే ప్రింటు తీశారా?

అర్ధరాత్రి_షిఫ్టు
లేదు. అవి సీలు వేసిన కవరులో, వేరే అంతస్తులో, సంతకం పెడితేనే ఇస్తారు. మీరు అడిగినట్టు రిజిస్టరులో రాస్తున్నాను.